బుట్ట దగ్గర ఎవరుంటారు?

"మనిద్దరమే," అన్నాడు ఓస్వాల్దో.

బాణలిలో మిలనేసా మాంసం ముక్కలు తిరగేస్తున్న దెల్ఫీనా చెయ్యి అక్కడే ఆగిపోయింది. నూనె చిట్లి మణికట్టు మీద పడినా ఆమెకు తెలియలేదు.

"ఏదీ, ఇంకోసారి చెప్పు."

"పెళ్ళయి పాతికేళ్ళయింది కదా. వచ్చే శనివారం ఇగ్వాసు జలపాతానికి వెళ్దాం. నువ్వూ నేనూ, అంతే," అని వరండాలోంచి అరిచాడు. ఆ వెంటనే, "అవునూ, మాతేకి నీళ్ళు పెట్టావా?" అన్నాడు.

పెట్టింది. పెట్టకుండా ఎప్పుడుంది గనక? మాతే ఆకు మీద పోసే నీళ్ళు కాగాలి కానీ మరగకూడదు. మరిగాయో, ఆకు మాడిపోయిందంటాడు. ఆ ఇంట్లో దెల్ఫీనా చెవి ఒకటి ఎప్పుడూ కెటిల్ మీదే ఉంటుంది. మొదటి గుక్క చేదు, అది పోసేవాళ్ళే తాగాలి. తర్వాత అందరికీ వరసగా పోసి అందించాలి. ఖాళీ సొరకాయ బుర్ర తిరిగొస్తే మళ్ళీ నింపాలి. ఒబెరా ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ ఇంతే. కాకపోతే ఈ ఇంట్లో పోసే చెయ్యి పాతికేళ్ళుగా మారలేదు.

అయినా ఆ ఆదివారం ఆమెకు చేదు చేదుగా అనిపించలేదు. మనిద్దరమే! గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది. ఎర్రమట్టి మరకలతో ఉన్న అతని చొక్కాలు ఉతుకుతూ కూడా తీసింది. ఆ సంతోషానికి ఒక కారణం ఉంది. అది ఎవరికీ తెలియదు, ఓస్వాల్దోకైతే అసలే తెలియదు.

దెల్ఫీనా ఇగ్వాసుకి మూడుసార్లు వెళ్ళింది. జలపాతాన్ని ఒక్కసారీ చూడలేదు.

మొదటిసారి పెళ్ళయిన వారానికే వెళ్ళారు. కొత్త జంటతో పాటు ఓస్వాల్దో మేనత్త కొడుకులు కూడా బయల్దేరారు. వాళ్ళందరి తిండీ ఒక పెద్ద మూత బుట్టలో పెట్టుకున్నారు. జలపాతం దారి దాకా తీసుకెళ్ళే చిన్న రైలు దిగగానే అడవిలోంచి కోఆతీలు వచ్చి చుట్టుముట్టాయి. పొడుగు ముక్కులు, చారల తోకలు, సిగ్గూ బిడియం లేని దొంగ మూక. చేతిలోని రొట్టెను కూడా గోళ్ళతో లాక్కుపోతాయి. "దెల్ఫీ, నువ్వు బుట్ట దగ్గర ఉండు. గబగబా చూసి వచ్చేస్తాం. ఎలా ఉందో నేనొచ్చి చెప్తాగా!" అన్నాడు కొత్త మొగుడు. వాళ్ళు తడిసి ముద్దయి, కేకలేసుకుంటూ తిరిగొచ్చేసరికి ఆఖరి రైలు కూత వేసింది. రెండోసారి పిల్లలు, వాళ్ళ పాల సీసాలు, అదే బుట్ట. మూడోసారి రొసారియో నుంచి వచ్చిన చుట్టాలు, మళ్ళీ అదే బుట్ట. ఆల్బమ్‌లో ఓస్వాల్దో వెనక ఇంద్రధనుస్సు ఉంటుంది. దెల్ఫీనా వెనక బెంచీ ఉంటుంది.

తప్పంతా అతనిదేనా? అలా కూడా అనలేం. అతను వర్ణించిన ప్రతిసారీ ఆమె తలూపింది. విందుల్లో అతను, "దయ్యం గొంతు అంటారు దాన్ని, అబ్బ, ఏం చూశాం!" అంటుంటే, ఆ 'చూశాం'లో తనూ ఉన్నట్టు నవ్వింది. ఊపీ ఊపీ మెడకు అలవాటైపోయింది. ఒక అబద్ధాన్ని ఇద్దరు కలిసి పాతికేళ్ళు పెంచారు, అందులో ఒకరికి అది అబద్ధమనే తెలియదు.

సోమవారం ఆమె పనిచేసే పళ్ళ డాక్టరుగారి దగ్గరికి కోర్దొబా నుంచి ఒకావిడ వచ్చింది. పన్ను పీకించుకుని, బుగ్గ ఉబ్బి, దూది కొరుక్కుంటూ కూర్చుంది.

"రేపు జలపాతానికి వెళ్తున్నానమ్మా. దగ్గరికెళ్తే ఎలా ఉంటుంది?"

"నేల కింద ఎవరో తలుపు తెరిచినట్టు ఉంటుందండీ," అంది దెల్ఫీనా. మాటలు వాటంతటవే వచ్చేశాయి. "పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. నీళ్ళు పడుతున్నాయో, మనమే పైకి తేలుతున్నామో తెలీదు."

"ఎంత అదృష్టవంతురాలివమ్మా!" అందావిడ, ఒళ్ళు జలదరించి.

దెల్ఫీనాకు చెంప మీద ఎవరో చరిచినట్టయింది. ఇవి తన మాటలు కావు, ఒక్కటీ కాదు. ఓస్వాల్దో మాటలు. తన కళ్ళలో ఉన్నది ఒక బెంచీ, ఒక బుట్ట, ఆకలిగా తిరుగుతున్న చారల తోకలు. చూడని దాన్ని ఇంత బాగా చెప్పగలిగిందంటే, చూసిన రోజు ఏం చెప్పగలదో!

"దెల్ఫీనా," లోపల్నుంచి డాక్టరుగారు పిలిచారు. "మాతే చల్లారిపోయింది."

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఓస్వాల్దో గొంతు సవరించుకున్నాడు. టీ ఆకు ఎండబెట్టే షెడ్డులో ఇరవైమందిని అదిలించే మేస్త్రీ. ఇంట్లో గొంతు సవరించుకున్నాడంటే ఏదో ఉన్నట్టే.

"అమ్మ కూడా వస్తానంటోంది."

"మనిద్దరమే అన్నావు."

"మనిద్దరమేలే. అమ్మ వెనక కూర్చుంటుంది. ఎలాగూ ఆ సీటు ఖాళీగా పోతుందిగా?"

"ఖాళీగా ఉంటే సీటుకేమైనా నొప్పి పుడుతుందా?"

అతను నవ్వేసి రొట్టె తుంచుకున్నాడు. గురువారం అత్తగారు పెత్రోనా ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మిలనేసా రొట్టెలు చెయ్యి, ఎక్కువ చెయ్యి. జున్ను చీపా బన్నులు మాత్రం వేడివేడిగా ఉండాలి, చల్లారి గట్టిపడితే నా పళ్ళకి లొంగవు. గుడ్లు ఉడకబెట్టు. బంగాళాదుంపల సలాడ్‌లో ఉప్పు తగ్గించు, పోయినసారి నోట పెట్టలేకపోయాం. వింటున్నావా?"

"వింటున్నానత్తయ్యా."

"మరి బుట్ట శుభ్రం చేశావా?"

దెల్ఫీనా బీరువా మీదకు చూసింది. మూత మీద కోఆతీ గోళ్ళ గీతలతో బుట్ట అక్కడే ఉంది. పాతికేళ్ళలో ఆమెను ఒక్కసారీ వదిలిపెట్టని తోడు అదే. చూస్తుండగానే ఆమెకు నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఫోన్‌ను చేత్తో మూసుకోవాల్సినంతగా. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ తట్టలేదేం? తనను ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది మొగుడూ కాదు, అత్తగారూ కాదు. తిండి. బుట్ట లేకపోతే కాపలా లేదు. కాపలా లేకపోతే బెంచీ లేదు.

"ఇప్పుడే దించుతున్నానత్తయ్యా," అంది.

దించింది. దించి, పక్కింటి రమోనాకి ఇచ్చేసింది. రమోనా కోడి పొదగడానికి చోటు దొరక్క ఊరంతా తిరుగుతోంది. శుక్రవారం సాయంత్రానికి బుట్టలో గడ్డి, గడ్డి మీద గుడ్లు, గుడ్ల మీద కోడి. ఇక ఆ బుట్టను కదిలించే ధైర్యం ఒబెరాలో ఎవరికీ లేదు.

శనివారం తెల్లవారకముందే ఓస్వాల్దో బండి తుడిచి, తలుపు దగ్గర నిలబడి వాసన పీల్చాడు. ఏ వాసనా రాలేదు.

"బుట్టేదీ?"

"పక్కింట్లో. కోడి పొదుగుతోంది అందులో."

"ఏం పొదుగుతోంది?"

"గుడ్లు. ఇంకేం పొదుగుతుంది?"

"మరి మన తిండి?"

"అక్కడ అమ్ముతారు. నిలబడి కొనుక్కుని, నిలబడే తిందాం." ఫ్లాస్కూ, మాతే బుర్రా అతని చేతిలో పెట్టింది. "చెప్పులేసుకొస్తాను. ఈలోగా ఒకటి పోసుకో. నీళ్ళు సరిగ్గా ఉన్నాయి."

తిండి సంగతే మింగుడుపడక, ఆలోచించకుండా పోసుకున్నాడు. చేదుగా తాగాడు. రెండోది పోసి, గుమ్మంలోకి వచ్చిన దెల్ఫీనాకి అందించాడు. ఆమె నెమ్మదిగా, చివరి గుక్క దాకా తాగి, బుర్ర తిరిగిచ్చి, డ్రైవర్ సీట్లో కూర్చుంది.

"అదేంటి, దిగు! నేను నడుపుతాను."

"ఎలా నడుపుతావు? పోసేది నువ్వేగా ఇవ్వాళ."

ఓస్వాల్దో తన చేతుల వైపు చూసుకున్నాడు. ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో బుర్ర. మొదలుపెట్టిన చెయ్యే చివరిదాకా పొయ్యాలి, మధ్యలో మార్చకూడదు. ఆ మాట అతని తల్లి అతనికి పాలతో పాటే పట్టింది. బండి చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

అత్తగారింటి ముందు బండి ఆగేదాకా దెల్ఫీనా గాల్లోనే ఉంది. అంతలో గేటు తెరుచుకుంది. పెత్రోనా బయటికొచ్చింది. మోచేతికి ఒక బుట్ట, తెల్లగుడ్డ కప్పి.

దెల్ఫీనా ఇంజను ఆపేసింది.

"నువ్వు ఊరికే సరే సరే అంటుంటేనే నాకు అనుమానమొచ్చిందమ్మాయ్," అంది పెత్రోనా వెనక సీట్లో సర్దుకుంటూ. "అందుకే నేనే లేచి చేశాను. ఒరేయ్, నువ్వు పోస్తున్నావేంట్రా? అయ్యో, ఆకంతా ముంచేశావు! సరేలే, మొదలెట్టావుగా, పొయ్యి."

ఓస్వాల్దో ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య, బుట్ట వచ్చింది! ఇంకే బాధా లేదు. అమ్మని నేను మెల్లిగా దయ్యం గొంతు దాకా తీసుకెళ్ళి చూపిస్తా. దెల్ఫీ, నువ్వెలాగూ..."

"నేనెలాగూ?"

"నువ్వు చూసేశావుగా."

ఊరు దాటింది బండి. రెండు వైపులా తేయాకు వరసలు మంచులో తడుస్తున్నాయి. ఈసారి మెడ ఊగలేదు.

"నేను చూడలేదు," అంది దెల్ఫీనా, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

"మూడుసార్లు వచ్చావు!"

"వచ్చాను. బుట్ట దగ్గర కూర్చున్నాను. నువ్వు చెప్పిందంతా విన్నాను. కళ్ళతో మాత్రం ఒక్కసారీ చూడలేదు."

ఓస్వాల్దో మాతే పోస్తూ పరధ్యానంలో పడ్డాడు. మనసులో ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటే తిరగేస్తున్నట్టున్నాడు. ఏ ఒక్క దాంట్లోనూ ఇంద్రధనుస్సు పక్కన ఆమె లేదు. వేడినీళ్ళు ఒలికి తొడ మీద పడితే గానీ ఉలిక్కిపడలేదు.

అప్పుడు వెనకనుంచి, చాలా చిన్నగా, పెత్రోనా గొంతు వినిపించింది.

"నేనూ చూడలేదురా."

"అమ్మా! నాన్నతో ఎన్నిసార్లు వెళ్ళావు నువ్వు!"

"వెళ్ళానురా. అప్పట్లో బుట్టలు ఇంకా పెద్దవి."

అద్దంలో దెల్ఫీనా కళ్ళు, అత్తగారి కళ్ళు కలిశాయి. పాతికేళ్ళలో ఉప్పు గురించీ, చొక్కాల మరకల గురించీ ఎన్నోసార్లు కలిసిన చూపులే. కానీ ఇలా ఎప్పుడూ కలవలేదు. ముందు పెత్రోనా పెదవి వణికింది, తర్వాత దెల్ఫీనా భుజాలు కదిలాయి. ఇద్దరూ ఒక్కసారే నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేని, కళ్ళనీళ్ళు తెప్పించే నవ్వు.

ఆ నవ్వుల మధ్య ఓస్వాల్దో ఫ్లాస్కు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

"ఎందుకు నవ్వుతున్నారు? అది కాదు... మీరిద్దరూ వెళ్తే, మరి బుట్ట దగ్గర ఎవరుంటారు?"

పెత్రోనా తెల్లగుడ్డ సర్ది, బుట్టను ముందుకు చాపి, కొడుకు ఒళ్ళో దించింది.

"దిగులు పడకురా నాన్నా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఎలా ఉందో మేమొచ్చి చెప్తాంగా."