ఒకే బొమ్మ, రెండు చోట్లు

మా బడి మేడమీది వసారాకు రెండు కొసలా ఒకేలాంటి ఆకుపచ్చ తలుపులు. ఒకదాని వెనక మెట్లు. రెండోదానికి ఎప్పుడూ తాళం. పంతొమ్మిదేళ్లుగా ఏది ఏదో ఆలోచించవలసిన అవసరం నాకు రాలేదు.

నా భార్య పోయిన రెండో నెలలో, నిప్పంటుకుంటే ఎలా దిగాలో పిల్లలకు నేర్పే రోజున, ముప్పైమందినీ వెంటబెట్టుకుని నేరుగా తాళం వేసిన తలుపు దగ్గరకు నడిచాను. పిల్లలు నవ్వారు. నేను ఆ తాళం వంకే చూస్తూ నిలబడ్డాను.

"మనసు బాగాలేక అలా జరిగింది" అన్నారు హెడ్మాస్టారు. అదే నిజం కావాలని నేనూ కోరుకున్నాను.

నా మరదలు మెదడు మీద పరిశోధన చేసేచోట పనిచేస్తుంది. సంగతి చెబితే, ఆదివారం అక్కడికి తీసుకెళ్లి నన్ను ఒక తెర ముందు కూర్చోబెట్టింది.

"ఎలుక చక్రం మీద నడుస్తుంటే తెరమీద ఈ వసారా కదులుతుంది బావా. గోడమీద ఈ గీతల బొమ్మ రెండుచోట్ల ఉంది. అచ్చుగుద్దినట్టు ఒకటే."

"మరి తేడా దానికెలా తెలుస్తుంది?"

"అదే తమాషా. మెదడు వెనకభాగంలో చూపు కణాలుంటాయి. ఎదురుగా ఉన్న బొమ్మ తప్ప వాటికి ఇంకేదీ పట్టదనుకున్నాం. కానీ ఒక కణం మొదటి బొమ్మ దగ్గర గట్టిగా పలుకుతుంది, రెండోదాని దగ్గర దాదాపు ఊరుకుంటుంది. బొమ్మ అదే, చోటే వేరు. ఎక్కడున్నామన్నది చూపులోనే కలిసి ఉంది. మీరూ నడవండి. ఆపినప్పుడల్లా మొదటిదో రెండోదో చెప్పండి."

మీట నొక్కుతూ తెరమీది వసారాలో నడిచాను. పదిసార్లు ఆపింది. నాలుగోసారి నేను తప్పు చెబితే నవ్వింది.

"మా ఎలుకలే నయం బావా. రెండు చుక్కల తీపినీళ్లకు ఠక్కున చెప్పేస్తాయి."

ఏడోసారికి నవ్వడం మానేసింది. ఆ తరువాత నేను తెరకన్నా ఆమె ముఖాన్నే ఎక్కువ చూశాను.

"ఎన్ని ఒప్పు?"

"ఐదు."

కళ్లు మూసుకుని చెప్పినా ఐదు వస్తాయి. లెక్కలు చెప్పేవాణ్ణి, ఆ సంగతి ఆమె నాకు చెప్పనక్కరలేదు.

"దుఃఖం వల్ల ఇలా అవుతుందా?"

"అక్క పోయాక నాకు తిండి పోయింది, నిద్ర పోయింది. దారి పోలేదు బావా." తెర ఆర్పేసింది. "ఇది ఎలుకల కోసం పెట్టిన ఆట. మీ జబ్బేమిటో ఇది చెప్పదు. రేపు నరాల డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనొస్తాను."

అక్కడినుంచే హెడ్మాస్టారికి ఫోను చేశాను. పిల్లలను ఇకమీద నాకు అప్పగించవద్దన్నాను.

"తొందరపడకండి మాస్టారూ. పిల్లలకు ఏమని చెప్పమంటారు?"

"మాస్టారికి దారి తెలియడం లేదని చెప్పండి."

ఫోను పెట్టేసి లేచాను. ఆ గదికి రెండు తలుపులున్నాయి; మేము వచ్చింది వాటిలో ఒకదాన్నుంచి. మరదలు కుర్చీలోంచి లేవలేదు, ఏ తలుపనీ చెప్పలేదు. నేను ఎటు అడుగేస్తానోనని చూస్తోంది.

నేను కదలలేదు.