పేరు చెప్పని చెల్లెలు

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడి గతి అందరికీ తెలుసు. పాస్టరుగారు ముప్ఫై ఏళ్ళుగా మూడు పడవల మీద నిలబడ్డారు: సంఘం, పుస్తకాలు, ఇల్లు. కాళ్ళు మాత్రం దేవుడు రెండే ఇచ్చాడు. మరి ఏ పడవ మీద కాలు లేదో వేరే చెప్పాలా?

ఆయనకి పద్ధతి లేదని ఎవరూ అనలేరు. మంగళ, శుక్రవారాలు పొద్దుటిపూట రాత. సోమవారం సాయంత్రం ఇంటిది. మిగతాదంతా సంఘానిది. ఆ సంగతి స్కేలుతో గీతలు గీసి మరీ గోడకి అంటించారు. అయితే చనిపోయేవాళ్ళు వారం చూసుకుని పోరు, మొగుడూ పెళ్ళాలు గోడమీది కాగితం చూసి పోట్లాడుకోరు. సోమవారాలు అలా ఒక్కొక్కటే జారిపోయాయి. "ఈ పుస్తకం ఒక్కటి అవనీ" అనేవారు ఇంట్లో. ఆ మాట మీద పదకొండు పుస్తకాలు అయ్యాయి. ఇప్పుడు పన్నెండోది నడుస్తోంది. దాని పేరు చెబితే నవ్వుతారు, కానీ చెప్పక తప్పదు: 'ఇల్లే మొదటి సంఘం'.

సంఘంలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని నాన్నగారూ అనే పిలుస్తారు. ఆయనకీ అది ఇష్టమే. ఒక్కగానొక్క కూతురు కూడా ఆ పిలుపే నేర్చుకుంది. పుట్టినప్పటినుంచీ చెవిన పడింది అదే మరి. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది.

ఆ మంగళవారం ఆయన ఏడో అధ్యాయంలో ఉన్నారు. 'పిల్లలు మాట్లాడేటప్పుడు కలం కింద పెట్టండి' అని రాసి, వాక్యం బాగా కుదిరిందా లేదా అని చూసుకుంటున్నారు. ఫోన్ మోగింది. తెలియని నంబరు. కలం కింద పెట్టకుండానే ఎత్తారు.

"నాన్నగారూ..." ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. వెనకాల ట్రాలీల చప్పుడు. "పొద్దున నా చేతుల్లో ఒక పెద్దావిడ పోయింది. ఇక్కడ నావల్ల కాదు. మీరొకసారి రండి."

సంఘంలో నర్సులే తొమ్మిదిమంది ఉన్నారు. 'మీరొకసారి రండి' అనని వాళ్ళంటూ ఎవరూ లేరు. కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. నోరు తన పని తాను చేసేసింది.

"ధైర్యంగా ఉండమ్మా. ప్రార్థనలో పెడతాను. వీలు చూసుకుని వస్తాను."

అవతలి మనిషి "సరేనండీ" అని ఫోన్ పెట్టేసింది. ఆయన ప్రార్థన మనవులు రాసుకునే నోటుబుక్కు తీసి, సంఘంలో ఏ ఆడమనిషికైనా రాసినట్టే ఒక వరస రాశారు: 'ఒక చెల్లెలు. పేరు చెప్పలేదు. ఆస్పత్రి పని, భయం.' మళ్ళీ ఏడో అధ్యాయంలో పడ్డారు.

సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కోసం ఆ మనవులు ఎత్తి రాయడం ఆయన భార్య పని. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"ఎవరండీ ఈ చెల్లెలు?"

"పేరు చెప్పలేదు."

"ఎన్నింటికి చేసింది?"

"పదిన్నరకేమో. ఏం?"

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "మధ్యాహ్నం అమ్మాయి నాకు చేసింది. పొద్దున వార్డు ఫోన్ నుంచి మీతో మాట్లాడానంది. నాన్నగారు ఏమన్నారే అంటే, 'ప్రార్థనలో పెడతానన్నారమ్మా' అని నవ్వింది. నేను బయల్దేరి వస్తానంటే వద్దంది. అప్పట్నించీ మీరే చెబుతారని చూస్తున్నాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఇన్నేళ్ళూ మిమ్మల్ని సరదాకే అన్నానండీ. ఇప్పుడు సరదాగా లేదు."

ఆయన ఫోన్ చేశారు. ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నానని మెసేజ్ వచ్చింది. మర్నాడు మొదటి బస్సెక్కారు. దారి పొడుగునా ఆ గొంతు గుర్తుచేసుకోవాలని చూశారు. తొమ్మిదిమంది నర్సుల గొంతులూ గుర్తొచ్చాయి గానీ కూతురి గొంతు ఎంతకీ రాలేదు. సిగ్గుతో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

హాస్టల్లో వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గోడ గడియారం ఉన్నాయి. కూతురు యూనిఫాంలోనే వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, సంఘంలో వాళ్ళు పెట్టినట్టే రెండు చేతులూ జోడించింది.

"వందనాలు నాన్నగారూ."

"ఇంటికెళ్దాం రామ్మా. బట్టలు సర్దుకో."

"వద్దండీ. నిన్న వచ్చేద్దామనుకున్నాను. ఇవాళ ఫర్వాలేదు."

"గొంతు బొంగురుగా ఉంటే పోల్చుకోలేకపోయానమ్మా. నేను... నేను మీ నాన్నని."

"తెలుసు నాన్నగారూ. అందరికీ మీరేగా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. తిట్టినా, ఏడ్చినా ఆయన ఏదో ఒకటి చేసి ఉండేవారు. పిల్ల మర్యాదగా ఉంది. ఎన్నో వందల ఇళ్ళలో, ఎవరికి ఏం చెప్పాలో తెలిసిన మనిషికి ఇక్కడ ఒక్క ముక్క దొరకలేదు. మెస్సులో తిండి గురించీ బస్సుల గురించీ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆమె గడియారం చూసింది.

"డ్యూటీకి వేళయిందండీ. ప్రార్థన చేసి వెళ్ళండి. మీకు పుస్తకం పని ఉంటుందిగా." తల వంచి నిలబడింది.

ఆయన ఆ తల మీద చెయ్యి పెట్టారు. చివరిసారి ఎప్పుడు పెట్టారో గుర్తు రాలేదు. ఈ ఒక్కసారికి, ఈ ఒక్క పిల్లకి, ఎవరికీ చెప్పని మాట ఒక్కటి కావాలి. కళ్ళు గట్టిగా మూసుకుని వెతుక్కున్నారు. నోరు మాత్రం ముప్ఫై ఏళ్ళ అలవాటున ముందే బయల్దేరింది.

"ప్రభువా, ఈ సహోదరిని..."

ఆగిపోయారు. చెయ్యి కింద తల కదల్లేదు. ఆయన అక్కణ్నించి ముందుకీ పోలేకపోయారు, వెనక్కీ రాలేకపోయారు.

కాసేపు చూసి, "ఆమేన్" అంది కూతురు.