ఉమ్మడి లెన్సులు

విడాకులప్పుడు ఇల్లు అమ్మి పంచుకున్నాం. కారు అతనికి, కుక్క నాకు. నా పేరు మళ్లీ కోరల్ టిప్పెట్ అయి రెండేళ్లు దాటింది. పంచుకోకుండా మిగిలింది ఒక్కటే, లెన్సుల సంచి. ఇద్దరివీ నికాన్ కెమెరాలు, ఏ లెన్సయినా ఇద్దరికీ పడుతుంది. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ అనే చిన్న ఊళ్లో పెళ్లిళ్లూ ఫుట్‌బాల్ ఆటలూ ఫొటోలు తీసి బతికేవాళ్లం, వేరే సెట్టు కొనుక్కునే తాహతు ఎవరికీ లేదు. అందుకని ప్రతి శనివారం పొద్దున్నే నా మాజీ మొగుడు డారిల్ పెంగిలీ నా గడప తొక్కేవాడు. నా టీ తాగి, ఆ రోజు ఏ లెన్సు ఎవరికో తేల్చేవాడు. నన్ను అడిగేవాడు కాదు. పొడుగు లెన్సు ఎప్పుడూ తనకే.

ఆ గొంతు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. కాపురం చేసిన పంతొమ్మిదేళ్లలో మండని రోజులు కొన్ని ఉండేవి. ఇప్పుడు అవీ లేవు.

జూన్‌లో ఒక కానన్ కెమెరా, దానికో లెన్సు నెలరోజులకు అద్దెకు తెచ్చాను, కుదిరితే కంపెనీ మారిపోదామని. ఏది గొప్పదన్న గొడవ నాకక్కర్లేదు, రెండూ మంచివే. ఆ సంచిలో ఉన్న ఒక్క లెన్సూ కానన్‌కి పట్టదు. నాకు నచ్చిన గుణం అదే.

బల్లమీద దాన్ని చూసి డారిల్ ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

"యాభై రెండేళ్లకి కొత్త మోజా? ఎవరు ఎక్కించారు నీకు?"

"ఎవరూ ఎక్కించలేదు. ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది."

"వారం తిరక్కుండా నా లెన్సుల కోసం వస్తావు చూడు."

"మన లెన్సులు," అన్నాను. ఆ 'మన' అన్నందుకు నాలుక కోసుకోవాలనిపించింది.

చిక్కంతా చేతితో వచ్చింది. నికాన్ లెన్సు బిగించడానికి ఒక వైపు తిప్పాలి, కానన్‌ది సరిగ్గా దానికి ఎదురువైపు. దూరానున్నదాన్ని దగ్గరకి లాగి చూపించే జూమ్ రింగూ అంతే. ఆ సంగతి బుర్రకి తెలుసు, చేతికి తెలియదు. చీకటి చర్చిలో చూడకుండా లెన్సు మార్చడం నాకు నేర్పింది డారిలే, నా చేతిమీద తన చెయ్యి వేసి. అతని దగ్గర అంటిన అలవాట్లన్నీ ఒక్కొక్కటే వదిలించుకున్నాను. ఇది మాత్రం మణికట్టులో ఉండిపోయింది.

నెలాఖరు శనివారం మా ఊరి ఫుట్‌బాల్ జట్టులో టోబీ మెక్‌రేకి రెండువందలవ ఆట. ఎప్పుడూ వెనక వరసలో కాపలా కాసే మనిషి, పన్నెండేళ్లలో ఒక్క గోలూ కొట్టలేదు. ఎలాగూ గెలిచేశాం కదా అని చివరి పావుగంట వాణ్ని ముందుకి పంపారు. మైదానం చుట్టూ ఆపిన కార్లలో జనం అద్దాలు దించారు. వాళ్లమ్మ చేతిలో మాంసం కూరిన పై రొట్టె చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. ఆ ఫొటో తియ్యమని క్లబ్బువాళ్లు అడిగింది నన్ను, డారిల్‌ని కాదు.

బంతి టోబీకి అందింది. తన్నాడు. గోల్ అయింది. కార్లన్నీ హారన్లు మోగించాయి. టోబీ చేతులు చాచుకుని తిన్నగా నా వైపే పరిగెత్తుకొచ్చాడు, వాడి వెనక జట్టంతా. అందరూ పట్టాలంటే రింగు తిప్పి వెడల్పు చెయ్యాలి. తిప్పాను, పాత వైపు. తెర నిండా వాడి చెవి. సరిచేసుకునేసరికి వాళ్లంతా ఒకరిమీదొకరు పడి బురదకుప్ప అయిపోయారు.

డారిల్ కంచె వెంబడి నా దగ్గరికొచ్చాడు. "ఏదీ, చూపించు." చూసి నవ్వాడు. "చెవి బాగా వచ్చింది. పటం కట్టించి వాళ్లమ్మకివ్వు."

సోమవారం ఈ కెమెరా తిరిగిచ్చేద్దామని అప్పుడే అనుకున్నాను. తిండి పెట్టే పని పాడుచేసుకుని పంతం పట్టడం నా వల్ల కాదు. అతను అక్కడితో ఊరుకుంటే ఈపాటికి మళ్లీ నా వంటింట్లో కూర్చుని లెన్సులు పంచుతూ ఉండేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

నా మణికట్టు మీద వేలితో తట్టాడు. "చూశావా మేడమ్, నువ్వు వినకపోయినా నీ చెయ్యి ఇంకా నా మాటే వింటోంది."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"సాయంత్రం సంచి వరండాలో పెడతాను. పట్టుకుపో."

"ఏ లెన్సులు కావాలో నువ్వు తీసుకున్నాకా?"

"అన్నీ నువ్వే ఉంచుకో."

"సగం నీవేగా."

"నాకు ఒక్కటీ పట్టదు. నా నికాన్ అమ్మి ఇది కొంటున్నాను."

"ఇలా చెవులు తీసుకుంటూ కూర్చుంటావా?"

"చెయ్యి దారికొచ్చేదాకా చెవులే తీస్తాను."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకో పుల్లవిరుపు మాట వస్తుందనుకుని సిద్ధంగా ఉన్నాను.

"అయితే ఇక నేను రానక్కర్లేదా?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ల కాపురంలో చెప్పడమే గాని అతను నా ఇష్టం ఏనాడూ అడిగి ఎరగడు. కొంచెం జాలి పడాల్సిందేమో. రాలేదు.

"అక్కర్లేదు," అన్నాను.