మేక తిన్న కుర్చీ

ఎనీఫా కూతురు తియాంజానె నవ్విందంటే మలావీ సరస్సు మధ్యలో ఉన్న పడవలు కూడా ఒడ్డు ఎటుందో కనిపెట్టి వెనక్కి తిరిగేవి. పిల్లకి నాలుగేళ్ళు. నవ్వడం వచ్చు, అలగడం వచ్చు, చిలగడదుంపలు ఎవరింట్లో ఉడుకుతున్నాయో వాసన పట్టి అటు కళ్ళు తిప్పడం వచ్చు. కూర్చోవడం ఒక్కటే రాదు. పుట్టేటప్పుడు చాలాసేపు కష్టపడి పుట్టింది. అప్పటినుంచి మెడా నడుమూ దాని మాట వినవు. కూర్చోబెడితే తడిసిన వలలాగా ఓ పక్కకి జారిపోతుంది.

"ఇది మందుతో పోయేది కాదమ్మా. సరిగ్గా కూర్చోబెట్టాలి, తినిపించాలి, పదిమంది పిల్లల్లో ఆడనివ్వాలి. అదే వైద్యం" అన్నారు ఆసుపత్రిలో. ఎనీఫా తలూపి, పిల్లని చితెంజె గుడ్డతో వీపుకి కట్టుకుని ఇంటికొచ్చింది. ఆ కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉండిపోయింది. పిల్ల కాళ్ళు ఎదిగి ఎదిగి ఇప్పుడు తల్లి మోకాళ్ళకి తగులుతున్నాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి నాలుగు కాళ్ళ మనిషి నడిచొస్తున్నట్టుండేది.

ఒడ్డున తడికల మీద వేలెడంత ఉసిపా చేపలు ఆరబెట్టడం ఎనీఫా పని. ఆ తడికలు ఆమె ఆడబిడ్డ ఫాలెసివి. వంగి చేపలు తిరగేస్తుంటే వీపు మీది పిల్ల చెయ్యి విసిరేది. గుప్పెడు చేపలు ఇసకలో పడేవి. ఆ ఇసకలో కాకులు ముందే వచ్చి వరసగా నిలబడి ఉండేవి.

"వదినా, నా ఓపిక అయిపోయింది" అంది ఫాలెసి. "కాకులకి నేనేం మేనత్తని కాదు. వచ్చే నెల నుంచి పిల్లని ఎక్కడైనా దించి రా. లేదంటే ఆ తడిక ఇంకొకళ్ళకి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకు."

ఎనీఫా ఏమీ అనుకోలేదు, అనుకోవడానికి తీరిక లేదు. మొగుడు సరస్సు ఎగువకి చేపల వేటకి పోయి ఉన్నాడు. తడిక పోతే పొయ్యి వెలగదు. పిల్లని ఎవరు చూస్తారు?

ముందు తన తల్లి సోఫిలేతిని అడిగింది. ముసలామె సరేనంది గానీ, ఆమె నిద్ర సంగతి ఊరందరికీ తెలుసు. ఓసారి చాపమీద కునుకు తీస్తే కోడి వచ్చి ఒళ్ళో గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాక గానీ లేవలేదు. పక్కింటామెని అడిగితే ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని వెనక్కి జరిగింది.

"నేనిప్పుడు ఒట్టి మనిషిని కాదు ఎనీఫా. ముట్టుకుంటే లోపలి బిడ్డకి అంటుకుంటుందేమో."

"అంటుకుంటే దాని నవ్వు అంటుకుంటుంది. నీ ఇంట్లో అదే లేదు" అని ఎనీఫా వచ్చేసింది.

ఇక మిగిలింది పాలబడి. పేరుకే పాలబడి, అందులో పాలుండవు, జావ ఉంటుంది. ఊళ్ళో బడికెళ్ళే వయసు రాని పిల్లలందరూ పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అక్కడే. నడిపేది నాచిసాలె. ఆమె గొంతు ఎంతదంటే, ఈ ఒడ్డున పిల్లల్ని వరసలో నిలబడమంటే అవతలి ఒడ్డున మొజాంబిక్ పిల్లలు వరసలో నిలబడేవారట.

"తీసుకోనని కాదు ఎనీఫా" అంది నాచిసాలె, ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఎవడిదో ముక్కు పట్టుకుని. "నాకున్నవి రెండు చేతులు. ఒకటి జావకి, ఒకటి ముక్కులకి. నీ పిల్లని పట్టుకోడానికి మూడోది ఎక్కణ్ణించి తేను? కూర్చునే పిల్లని తీసుకురా, నేను కాదంటే అడుగు."

ఆ మాట పట్టుకుని ఎనీఫా ఆరోగ్య కేంద్రానికి నడిచింది. అక్కడి వసారాలో ఇలాంటి పిల్లలున్న తల్లులు వారానికోసారి కలుస్తారు. కబుర్లు చెప్పుకుంటూనే అట్టపెట్టెలతో కుర్చీలు కడతారు. అట్టల్ని పొర మీద పొర అంటించి, రాయిలా ఎండబెట్టి, ఆ పిల్ల నడుం కొలతకీ తొడ కొలతకీ కోసి, ముందు ఒక బల్ల బిగిస్తారు. అందులో పెడితే జారే పిల్ల జారదు.

"జిగురుకి మంచి కర్రపెండలం పిండే కాచు. అందులో గుప్పెడు ఎండుమిరప పొడి వెయ్యి. మర్చిపోకు" అన్నారు తల్లులు.

ఎనీఫా మర్చిపోలేదు. కానీ అవి కోతకి ముందు నెలలు. ఊళ్ళో పిండి డబ్బాలన్నీ గీకిన చప్పుడే వినిపించే రోజులు. పొయ్యి మీద పిండి జిగురు చూసి సోఫిలేతికి నిద్రమత్తు వదిలిపోయింది.

"ఓసి పిచ్చిదానా! మనుషులు తినడానికి లేక చస్తుంటే పిండి తీసుకెళ్ళి కాగితాలకి తినిపిస్తావా? పిండిమర దగ్గర మొక్కజొన్న తౌడు ఊరికే పోతోంది, అది కాచు. జిగురు జిగురే కదా!"

"మిరపపొడో అమ్మా?"

"మిరపపొడి కూరకి లేదు, కుర్చీకా? ఉప్పెయ్యి, గట్టిపడుతుంది."

ఎనీఫాకీ అది సబబుగానే అనిపించింది. జిగురు పిండి తల్లీకూతుళ్ళు రాత్రికి జావ చేసుకుని తాగారు. తౌడూ ఉప్పూ కాచి కుర్చీ కట్టారు. వానకీ వానకీ మధ్య దొరికిన ఎండలో ఆరబెట్టారు. తియాంజానెని అందులో పెట్టి బల్ల బిగించిన రోజు పిల్ల మెడ నిలబెట్టి, లోకమంతా పడుకుని లేదని, నిలువుగా ఉందని మొదటిసారి చూసింది. చూసి ఒక అరుపు అరిచింది. ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి. నాచిసాలె వచ్చి చూసి, కుర్చీని ఊపి చూసి, "సోమవారం తీసుకురా" అంది.

ఆదివారం ఎండ బాగా కాసింది. చివరి ఆరుదల కోసమని కుర్చీని పెరట్లో పెట్టి, పిల్లని ఎత్తుకుని అందరూ చర్చికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పెరట్లో నాచిసాలె గారి మేకపోతు మినిస్టర్ నిలబడి ఉంది. ఆ పేరు దానికి ఊరికే రాలేదు. ఏది కనబడితే అది తినేసి, తర్వాత ఏమీ ఎరగనట్టు గెడ్డం నిమురుకున్నట్టు నిలబడేది. అది పాస్టరు గారి టోపీ తింది, సైకిలు సీటు తింది, ఇప్పుడు కుర్చీ తింది. మిగిలింది ముందరి బల్ల. దాన్నీ ఉప్పు కోసం నాకుతోంది.

సోఫిలేతి కర్ర తీసింది. ఎనీఫా ఆపింది. పంట కాలంలో మేకల్ని కట్టెయ్యాలి, విడిచిన మేక ఏం పాడుచేసినా యజమానిదే తప్పు అని ఆ ఊరి కట్టు. ఎనీఫా మేక మెడకి తన తలగుడ్డ బిగించి, నాకిన బల్లని సాక్ష్యంగా సంకలో పెట్టుకుని, వీపున పిల్లతో, ఊరిపెద్ద చిబ్వానా ఇంటికి తిన్నగా పోయింది. కబురు విని నాచిసాలె పరుగున వచ్చింది.

ఇద్దరూ చాపమీద మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు చప్పుడు చేసి పెద్దాయనకి దణ్ణం పెట్టారు. జరిగింది ఎనీఫా చెప్పింది.

"పెద్దయ్యా, కుర్చీని తౌడుతో కడితే మేకది తప్పంటారేంటి?" అంది నాచిసాలె. "అది కుర్చీ కాదు, కుడితి! నా మేక తప్పేం లేదు."

"మేకది తప్పనలేదు. కట్టెయ్యనిది ఎవరు?" అన్నాడు చిబ్వానా.

నాచిసాలె గొంతు మొదటిసారి చిన్నబోయింది. "తాడు తెంచుకుంది."

"తాడేదీ?"

"తినేసింది పెద్దయ్యా."

అక్కడున్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. చిబ్వానా నవ్వు మింగి, "సరే, ఓ కోడిపెట్టని ఇచ్చి రాజీపడండి. ఎప్పుడూ ఇచ్చేదే" అన్నాడు.

"నాకు కోడొద్దు" అంది ఎనీఫా. "కోడి మీద నా పిల్ల కూర్చుంటుందా? నాది పోయింది కుర్చీ. రేపు సోమవారం, ఫాలెసి పెట్టిన గడువూ రేపే. పిల్లని పెట్టుకుని నేను తడిక దగ్గరికి పోలేను, పోకపోతే తడిక లేదు. కొత్త కుర్చీ ఆరేదాకా మేక గలావిడ తన ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. నాకు అదే కావాలి."

"అయ్యో, నాకు రెండు చేతులే..." అని నాచిసాలె మొదలుపెట్టింది.

"చేతులు అడగలేదమ్మా, ఒడి అడిగింది" అన్నాడు చిబ్వానా. "మేకని కట్టెయ్యనివాళ్ళు కుర్చీ అవుతారు. అంతే."

సోమవారం పొద్దున్నే పిల్లని నాచిసాలె ఒళ్ళో పెట్టి ఎనీఫా వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కాళ్ళు కదలవని చూడలేదు. ఆ పూట పాలబడిలో జావ అడుగంటింది, ముక్కులన్నీ కారాయి. నాచిసాలె కూర్చున్నచోటి నుంచే కేకలు వేసి గరిటె పెద్దపిల్లకి అప్పగించింది. తియాంజానెకి జావ పోస్తే బయటికి నెట్టేసింది. మళ్ళీ పోస్తే మళ్ళీ నెట్టింది. విసుగొచ్చి నాచిసాలె దాని గెడ్డం కింద రెండు వేళ్ళు ఆనించింది. పిల్ల గుటుక్కున మింగి ఇంకా ఇవ్వమన్నట్టు నోరు తెరిచింది.

"ఓర్నీ, ఇంతేనా!" అంది నాచిసాలె. ఆ వారం గడిచేసరికి పాలబడి పిల్లలందరికీ ఆ రెండు వేళ్ళ సంగతి తెలిసిపోయింది. దాని పక్కన కూర్చునేందుకు కొట్టుకునేవారు.

కుర్చీ కొత్తది నాచిసాలె తనే కట్టింది, తన ఇంటి కర్రపెండలం పిండితో. మిరపపొడి ఎంత వేసిందంటే అది ఆరుతున్నన్నాళ్ళూ ఆ వీధిన పోయినవాళ్ళంతా తుమ్ముకుంటూ పోయారు. కుర్చీ వచ్చాక పిల్ల ఒళ్ళోంచి దిగనని రెండు పూటలు ఏడ్చింది. మూడో పూట పక్క పిల్లాడి జావ మీద కన్ను పడి ఏడుపు మర్చిపోయింది.

ఇప్పుడు ఎనీఫా రెండు చేతులా చేపలు పరుస్తుంది. ఓ రోజు పడవలు ఆలస్యంగా వచ్చాయి. చేపలన్నీ పరిచి ఆమె పాలబడికి పరుగెత్తేసరికి, మధ్యాహ్నం దాటిపోయింది. గుమ్మంలో ఇంకో ఇద్దరు తల్లులు తల దించుకుని నిలబడి ఉన్నారు. నాచిసాలె వాళ్ళని ఏకిపారేస్తోంది.

"రా తల్లీ, నువ్వూ రా! నాకు ఇల్లూ వాకిలీ లేవనుకున్నారా? పిల్లల్ని కని నా మొహాన పడేసి ఒడ్డున కబుర్లాడుకుంటారా? రేపు ఆలస్యమైతే ముగ్గురి పిల్లల్నీ తాళం పెట్టి పోతాను!"

మిగతా ఇద్దరూ గొణుక్కుంటూ పిల్లల్ని లాక్కుపోయారు. ఎనీఫా మాత్రం ఆ తిట్లన్నీ చివరిదాకా నిలబడి వింది. పాలబడి మొదలైనప్పట్నుంచి ఊళ్ళో తల్లులందరూ తింటున్న తిట్లే అవి. ఆమె వంతు ఇన్నాళ్ళకి వచ్చింది.

"అలా చూస్తావేం? వినబడిందా?" అంది నాచిసాలె.

"వినబడిందక్కా" అంది ఎనీఫా, పిల్లని వీపుకి కట్టుకుంటూ.