గిల్టుదాని అదృష్టం

నేను ఒక రెండుపేటల గొలుసుని. మేలిమి బంగారం అంటే కంసాలి ఒప్పుకోడు గానీ, గీటురాయి మీద గీసి చూసుకోండి, ఏ ఊళ్లోనైనా తలెత్తుకుని నిలబడతాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేది ఒక గిల్టు గొలుసు గురించి. అదంటే నాకు అసూయ. దాచుకునేదేముంది? బంగారానికి గిల్టు మీద అసూయేమిటని నవ్వితే నవ్వండి. మెరిసేదంతా బంగారం కాదని సామెత చెప్పేది మీరే, ఆ మెరిసేదాన్ని మెడలో వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లేదీ మీరే.

నేను పుట్టింది మార్కాపురంలో. అప్పట్లో ఆ ఊళ్లో ఎక్కువమందికి పలకలే బతుకు. బడిపిల్లలు రాసుకునే రాతిపలకలు లారీలకు లారీలు ఎగుమతయ్యేవి. చెన్నకేశవులు ఒక పలకల ఫ్యాక్టరీలో కోతపని చేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల దాకా రాతిపొడి ఉండేది. అతని భార్య కోటేశ్వరి ఇంటి దగ్గరే కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించేది. ఇద్దరూ కలిసి ఒక చీటీ కట్టేవారు. చివరిదాకా ఆగి ఉంటే నాలుగు డబ్బులు మిగిలేవి. అయితే పక్కింటామె కొత్త గొలుసు వేసుకుని నీళ్ల పంపు దగ్గరికి వచ్చిందట. ఇంకేముంది, కోటేశ్వరి ఆ నెలే చీటీ పాడేసి, తరుగు పోగా వచ్చిన డబ్బుతో నన్ను చేయించుకుంది. ఆ తరువాత చాలాకాలం, నేను మెడలో ఉండగానే నా కోసం వాయిదాలు కడుతూ వచ్చింది. అంటే నేను పుట్టడమే అప్పులో పుట్టాను. దానికి కారణం అసూయ. పుట్టుక అలాంటిదైనప్పుడు బుద్ధి వేరేగా ఎలా ఉంటుంది?

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వెచ్చబడుతుంది. కోటేశ్వరి వంగి చట్రానికి మేకులు కొట్టేటప్పుడు నేను చేతికి అడ్డం పడేవాణ్ణి. అప్పుడు నన్ను పళ్ల మధ్య పట్టుకుని పని చేసుకునేది. నా మీద ఆమె పంటిగాట్లు ఉండేవి. స్నానం చేస్తే కుంకుడు నురగ నాకూ అంటుకునేది. ఏ శుభకార్యానికి వెళ్లినా ఆడవాళ్లు నన్ను చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఎన్ని సవర్లు కోటేశ్వరీ?" అని అడిగేవారు. ఆమె కావాలనే ఒక సవర ఎక్కువ చెప్పేది. ఆ అబద్ధానికి నేను కూడా ఉబ్బిపోయేవాణ్ణి.

తరువాత పలకలకు రోజులు తిరగబడ్డాయి. పిల్లలు నోటు పుస్తకాలకు మారారు. ఫ్యాక్టరీ కొన్నాళ్లు వారంలో సగం రోజులే నడిచింది, కొన్నాళ్లు అసలు నడవలేదు. బియ్యం ధర, నూనె ధర మాత్రం ఆ సంగతి తమకు పట్టనట్టు పెరుగుతూ పోయాయి. కూతురి నర్సింగు ఫీజు కట్టాల్సిన నెలలో కోటేశ్వరి నన్ను మెడలోంచి తీసి, చీర కొంగున ముడి వేసుకుని, బజారులో బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడి మనిషి నన్ను రాయి మీద గీసి, గీత మీద ఏదో చుక్క వేసి, తూచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సీలు వేశాడు. ఆమె ఆ కవరును ఒకసారి తడిమింది. "మూడు నెలల్లో తీసుకపోతాలే" అని నాతోనే అంది. అప్పు చేసేటప్పుడు ప్రతివాళ్లూ చెప్పే గడువు అదేనని ఆ ఇనపగదిలో చేరాక తెలిసింది. అక్కడున్న నగలన్నీ మూడు నెలల కోసం వచ్చినవే.

బోసిమెడతో బయటికి వెళితే నలుగురూ అడుగుతారు. నిజం చెబితే కట్టుకున్నవాడి పరువు పోతుంది. ఇదీ కోటేశ్వరి లెక్క. మీ ఊళ్లలో ఎందరో ఇల్లాళ్ల లెక్క. ఆమె బస్టాండు దగ్గర ఫ్యాన్సీ కొట్టుకు వెళ్లి, సెల్‌ఫోన్‌లో ఉన్న నా ఫోటో చూపించి, అచ్చం అలాంటిదే వన్‌గ్రామ్ గొలుసు కొనుక్కుంది. నా ఫోటో చూపించి మరీ! నా రూపం, నా కొక్కెం, నా రెండు పేటలు. అది నా చోట కూర్చుంది. ఎవరూ కనిపెట్టలేదు. నన్ను చేతిలోకి తీసుకుని మురిసిపోయిన ఆ ఆడవాళ్లే దాన్నీ చేతిలోకి తీసుకుని, "ఎన్ని సవర్లు?" అని అడిగారట. మీ కళ్ల మీద నాకు గౌరవం పోయింది ఆ రోజే.

దాన్ని నేను మొదటిసారి చూసింది గడువు నాడు, నన్ను మళ్లీ తూచడానికి బయటికి తీసినప్పుడు, కౌంటరు దగ్గర. కోటేశ్వరి దాన్ని వేసుకునే వచ్చింది. వడ్డీ కట్టి కాగితం తిరగరాయించుకోవాలి, చేతిలో వడ్డీ డబ్బులు కూడా లేవు. కౌంటరు దగ్గరి మనిషి చల్లగా చెప్పాడు.

"బంగారం రేటు పెరిగిందమ్మా. ఈ గొలుసు మీదనే ఇంకా వస్తది. అందులో వడ్డీ పట్టుకుని మిగతాది చేతికిస్తాం, తీసుకుంటారా?"

నా ధర పెరిగిందని వినగానే నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. విన్నావా గిల్టుదానా, అనుకున్నాను. కోటేశ్వరి ముఖం కూడా వెలిగింది. "మారాజు గొలుసు, ఆదుకుంది" అంటూ డబ్బు తీసుకుని వెళ్లింది. అది కిరాణా కొట్టు బాకీకీ, వారంవారం వచ్చే ఫైనాన్సు వాళ్లకీ సరిపోయింది. మళ్లీ గడువు వచ్చింది, మళ్లీ రేటు పెరిగింది, మళ్లీ అదే మాట, అదే వెలుగు. ఇలా ఎన్నిసార్లు జరిగిందో గానీ, నా ధర పెరిగిన ప్రతిసారీ ఆమె అప్పు పెరిగింది. నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. బుద్ధి కన్నా గర్వం ఎక్కువున్నవాళ్లకు ఆలస్యంగానే అర్థమవుతుంది.

ఒక్కసారి మాత్రం నేను ఇంటికి వెళ్లాను. వేలం వేస్తామని ఆఫీసు వాళ్లు బెదిరిస్తే, చెన్నకేశవులు ఎక్కడో చేబదులు తెచ్చి విడిపించాడు. ఆ వారంలో ఒక పెళ్లి వచ్చింది. కోటేశ్వరి నన్నే వేసుకుంది. గూట్లో పడి ఉన్న గిల్టుదాని వైపు నేను ఎలా చూసి ఉంటానో మీరే ఊహించుకోండి. నల్లబడకుండా దానికి గోళ్ల రంగు పూసి, దూదిలో చుట్టి పెట్టిందని అప్పుడే చూశాను. రంగులేని గోళ్ల రంగు, రెండు పూతలు! నేను ఇన్నేళ్లు ఆమెకు అంటిపెట్టుకుని ఉంటే నాకు ఒక్కనాడు కూడా అంత సేవ జరగలేదు. సరే, పెళ్లికి వెళ్లాం. అన్నం తింటున్నంతసేపూ ఆమె ఎడమచెయ్యి నా మీదే ఉంది. బస్సులో కొంగు కప్పి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ప్రేమ అనుకున్నాను. ఇంటికి వచ్చి నన్ను తీస్తూ మొగుడితో అంది:

"ఇది మెడలో ఉంటే గుండెలు దడదడలాడతన్నాయయ్యా. గిల్టుదే హాయిగా ఉంటది."

చేబదులిచ్చినవాడు గుమ్మంలో నిలబడేసరికి నేను మళ్లీ ఇనపగదికి వెళ్లిపోయాను. ఆ మాట మాత్రం నాతోపాటే వచ్చింది. పక్క కవర్లలో గాజులూ కమ్మలూ తమ ఇళ్ల గొప్పలు చెప్పుకుంటుంటే నేను నోరెత్తేవాణ్ణి కాను. నా ధ్యాసంతా దాని మీదే. ఈపాటికి చెమట పట్టి ఉంటుంది దానికి, ఆమె చెమట. ఈపాటికి పళ్ల మధ్య పట్టుకుని ఉంటుంది.

చివరికి వేలం ఖాయమైంది. ఈసారి రేటు కూడా ఆదుకోలేదు. తీసుకోగలిగినంతా ముందే తీసేసుకున్నారు. వేలానికి వెళ్లే కవర్లను గదిలోంచి తీసి కౌంటరు వెనక బల్ల మీద పరిచారు. అందుకే ఆ రోజు జరిగిందంతా నేను కళ్లారా చూశాను.

అద్దాల తలుపు తోసుకుని వచ్చింది అంజనమ్మ. చెన్నకేశవులుకు చెల్లెలు. ఆమె మొగుడు లారీకి పలకలు ఎత్తుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేయాలన్నారు, డబ్బు కడితేనే వేస్తామన్నారు. మన వైపు ఇలాంటప్పుడు డబ్బు అడగరు, నగ అడుగుతారు. "నీ గొలుసియ్యి వదినా, కుదవ పెట్టుకుని మళ్లీ విడిపించిస్తా" అంటే అయినవాళ్లు కాదనరు. అంజనమ్మ కూడా పొద్దున్నే వచ్చి వదినను అడిగిందట. మెడలో గొలుసు కనబడుతూ ఉంది, లేదనడానికి లేదు. తాకట్టులో ఉందని చెప్పడానికి నోరు రాలేదు. కోటేశ్వరి మెడలోది తీసి ఆమె చేతిలో పెట్టేసింది. చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే మరి.

"మా వదిన గొలుసు సార్. ఎంతొస్తదో చూడండి" అంటూ అంజనమ్మ కొంగు ముడి విప్పింది. నేను చూద్దును కదా, అదే! నా గిల్టుది! కౌంటరు దగ్గరి మనిషి గీటురాయి ముందుకు జరుపుకున్నాడు. నాకు పట్టరాని సంతోషం. గీయవయ్యా, గట్టిగా గీయి, దాని బతుకు నలుగురిలో బయటపెట్టు అనుకున్నాను. దొంగ బంగారం తెచ్చినందుకు పోలీసులను పిలుస్తారనీ, పట్టుకుపోయేది గిల్టుదాన్ని కాదు, ఆసుపత్రిలో మొగుణ్ణి వదిలి వచ్చిన ఆ పిల్లననీ నాకు తట్టలేదు.

కోటేశ్వరికి తట్టింది. వీధిలోంచి పరుగెత్తుకొచ్చి, ఊపిరందక, గీటురాయి మీద అరచెయ్యి అడ్డంపెట్టింది. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"గీయమాకండి సార్. అది గిల్టుది."

బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా ఇటే చూశారు.

"ఏందొదినా నువ్వనేది?" అంది అంజనమ్మ.

"అసలుది ఈడనే ఉందమ్మా, ఎప్పటినుంచో. నీకు చెప్పలేక దీన్నిచ్చి పంపినా. నువ్వు పోయినాక కాలు నిలవలా."

"ఇట్లాంటివి తెస్తే పోలీసులకు చెప్పాల్సొస్తదమ్మా" అన్నాడు ఆ మనిషి చిరాగ్గా.

"చెప్పుకోండి. నా పేరు చెప్పుకోండి. ఈ పిల్లకేం తెలవదు."

అంజనమ్మ తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుని తన చేతులు ముందుకు చాచింది. "పిచ్చిదానా, నా గాజులు మాత్రం బంగారమనుకున్నావా? అవే ఉంటే నీ గుమ్మం తొక్కేదాన్నా? ఇద్దరం ఒకరికొకరం తెలవకుండా దాచుకుంటన్నాం" అంది. బెంచీ మీద ఒకామె గబుక్కున కొంగు మెడ చుట్టూ లాక్కుంది.

కోటేశ్వరి బల్ల మీదున్న నా కవరు చూసి గుర్తుపట్టింది. "దీనికి కట్టిన వడ్డీతో ఇట్టాంటిది ఇంకోటొచ్చేది. ఇంక నావల్ల కాదు, వేలానికెందుకు, నేనే అమ్మేస్తా" అంది. ఎదురుగానే తాకట్టు బంగారం విడిపించి కొంటామని బోర్డు పెట్టుకున్న కంసాలి కొట్టుంది. ముందు మొగుడికి ఫోన్ చేసింది. చెన్నకేశవులు గొంతు నాక్కూడా వినిపించింది.

"వదిలించవే కోటేశ్వరీ, ఆ పీడ వదిలించు."

పీడ! పెళ్లిళ్లలో నన్ను చూసి మీసం దువ్వుకున్న మనిషి.

కంసాలి వచ్చి బాకీ కట్టి నన్ను తన కొట్టుకు తీసుకెళ్లాడు. బాకీ పోగా మిగిలింది కోటేశ్వరి చేతికిచ్చాడు. అందులో పెద్ద భాగం ఆమె ఆడబిడ్డ కొంగులో కట్టింది. వద్దు వద్దంటూ అంజనమ్మ వెనక్కి తోసింది. "అన్నయ్య కాలు బాగై లేచి తిరగనీ, అప్పుడు నిదానంగా ఇద్దువులే. వడ్డీ లేదు, గడువు లేదు" అంది కోటేశ్వరి. ఆమె నోట అప్పు గురించి నవ్వుతూ వచ్చిన మాట నేను వినడం అదే మొదలు.

నన్ను ఒకసారి మెడకు ఆనించుకుంటుందని ఎదురుచూశాను. కనీసం ఒక కన్నీటిచుక్క. ఏదీ లేదు. కంసాలి కత్తెర తీసుకుని నన్ను ముక్కలు చేస్తున్నాడు, పక్కన మూస వేడెక్కుతోంది. ముక్కల్లోంచే గుమ్మం వైపు చూస్తున్నాను. మెట్ల మీద అంజనమ్మ వదినను వెనక్కి తిప్పి, జుట్టు పక్కకు తీసి, గిల్టుదాన్ని తన చేత్తో మెడలో వేసి కొక్కెం పెట్టింది. ఎదురొచ్చిన తెలిసినామె అలవాటుగా చెయ్యి చాచి గొలుసు పట్టుకుంది.

"ఎన్ని సవర్లక్కా?"

"గిల్టుదమ్మా. బస్టాండు కాడ కొన్నా" అంది కోటేశ్వరి.

అని, గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. ఆ గుండెల మీద నేను ఎన్నో ఏళ్లు పడుకున్నాను, అంత తేలిగ్గా అవి లేవడం ఒక్కనాడూ చూడలేదు. ఆ ఊపిరితో పాటు పైకి లేచింది మాత్రం నేను కాదు, ఆ గిల్టుది.