పాలక్యానులో తుపాను

ఆదివారం వచ్చిందంటే జ్ఞానాపురంలో తవిటమ్మ చేతికి అడ్డం నిలబడే మొనగాడు లేడు. వారమంతా రేవు వైపు నుంచి వచ్చి పడే బొగ్గు మసిని ఆవిడ ఒక్క పూటలో కడిగి పారేస్తుంది. గడప కడుగుతుంది, కిటికీ ఊచలు కడుగుతుంది, కుండీలో కరివేపాకు రెమ్మల్ని ఆకు ఆకూ తుడుస్తుంది. ఒకసారి వీధి పిల్లిని పట్టుకుని సబ్బెట్టి రుద్దింది, ఆ పిల్లి మళ్ళీ ఆ సందులో కనపడలేదు. సోమవారం పొద్దుటికి మసి మళ్ళీ వచ్చి కూర్చుంటుందని అందరికీ తెలుసు. తవిటమ్మకి తెలీదా?

"రానీ. అదొచ్చినన్నిసార్లు నాను కడుగుతాను. ఎవులు ముందు అలిసిపోతారో సూద్దాం" అంటుంది.

ఉతికిన బట్టలు తాడు మీద వేశాక, వంటింటి మూల నుంచి పాలక్యాను ఈడ్చుకొచ్చి మూత అరంగుళం లేపుతుంది. అందులోంచి గాలొచ్చి పావుగంటలో దుప్పట్లు కూడా ఆరబెట్టేస్తుంది. అది హుద్‌హుద్ గాలి. ఆ తుపాను రోజున ఇంటి మీది పన్నెండు రేకులూ ఒకదాని వెనక ఒకటి లేచిపోతుంటే, ఇంటిల్లిపాదీ మంచం కింద దూరారు గానీ తవిటమ్మ దూరలేదు. నడింట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి, చేతికి దొరికిన గాలిపాయ ఒకదాన్ని పట్టి క్యానులో కుక్కి మూత బిగించేసింది. నా రేకులు నాకు తెచ్చిచ్చిందాకా ఒగ్గనంది. పదకొండేళ్ళయింది. రేకులు రాలేదు, గాలినీ వదల్లేదు. అది ఆ ఇంట్లో శిక్ష పడ్డ మనిషిలాగ బియ్యం చెరుగుతుంది, పొయ్యి రాజేస్తుంది, ఎండుచేపలు ఆరబెడుతుంది. కరెంటు పోతే పక్కింటివాళ్ళు చెంబు పట్టుకొచ్చి, "అత్తా, కాసింత గాలి పొయ్యవా" అని అడిగి పట్టుకుపోతారు. అడిగితే లేదనకూడదని ఆవిడ పోస్తుంది, చెంబు కడిగి తెమ్మని మాత్రం చెప్తుంది.

ఆ తవిటమ్మ కోడలే దేవిశ్రీ. మొగుడు సాయిశంకర్ పారాదీప్‌లో ఇసక తోడే ఓడ మీద పనిచేస్తూ మూడు నెలలకోసారి వస్తాడు. దేవిశ్రీకి సొంతంగా ఒక పికప్ బండి ఉంది. గాజువాకలో ఇనుప ఊసలు ఎక్కించుకుని ఎస్.కోట మీదుగా అనంతగిరి కొండెక్కి, అక్కడ కడుతున్న ఆడపిల్లల హాస్టలు దగ్గర దింపి వస్తుంది. మొదట్లో లోడింగు దగ్గర మగాళ్ళు, "ఘాట్ రోడ్డమ్మా, ఆడుకోడం కాదు" అని నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆ నవ్వినవాళ్ళే టైర్లలో గాలెంత పెట్టాలని ఆమెనే అడుగుతున్నారు.

సోమవారం ఖాళీ బండితో తిరిగొస్తుంటే గోపాలపట్నం దగ్గర బోనెట్ కింద సన్నగా ఈల మొదలైంది. కాసేపటికి ఈల కీచుమంది, వెనకాల నల్లటి పొగ లేచింది, ఆ తరవాత ఎంత తొక్కినా బండి లాగడం మానేసింది. వెనకొచ్చే ఆటోలు కూడా దాటిపోయాయి. దేవిశ్రీకి ఒళ్ళు మండిపోయింది. అలాగే ఎద్దుబండి వేగంతో కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళింది.

అక్కడ టై కట్టుకున్న కుర్రాడు ఏసీ గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అరగంట తరవాత కాగితం ఒకటి పట్టుకొచ్చాడు.

"టర్బో పోయింది మేడమ్, ఇంజనుకి గాలి కూరి బలమిచ్చే మిషను. కొత్తది వెయ్యాలి. లేబరుతో కలిపి తొంభై రెండు వేలు."

"బండి కొని ఏడాదే అయింది. వారంటీ ఉంది గదా."

"వారంటీ రాదు మేడమ్. ఎయిర్ ఫిల్టర్ నీళ్ళతో కడిగారు. అది పేపరు. చిరిగి, దుమ్మంతా లోపలికి లాగేసింది. ఎవరు కడిగారు?"

అతను ఫిల్టరు చేతికిచ్చాడు. మడతల మధ్య కాగితం పర్రున చీలి ఉంది. అంచున పచ్చగా ఎండిన సబ్బు నురగ. దేవిశ్రీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ బట్టలసబ్బు వాసన ఆమెకి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది, ఇంట్లో దుప్పట్లన్నీ అదే వాసన. ఎప్పుడో ఆదివారం తను నిద్రపోతుండగా అత్తమ్మ బండి కడుగుతూ బోనెట్ ఎత్తి ఉంటుంది. మసి పట్టిందని దీన్ని కూడా తీసుకెళ్ళి బండ మీద బాది ఉంటుంది. ఆవిడ మీద ఒక్కసారిగా కోపం పొంగుకొచ్చింది.

"నానే కడిగినాను" అంది.

"అలా కడక్కూడదు మేడమ్."

"ఇప్పుడు తెలిసింది గదా. బండి తాళాలియ్యి."

"టర్బో లేకుండా ఎలా తీసుకెళ్తారు?"

"నడుస్తాది. ఎక్కదంతే. ఎక్కించే సంగతి నాను సూసుకుంటాను" అని ఫిల్టరు సంచిలో వేసుకుని లేచింది. మంచినీళ్ళు సగం తాగి వదిలేసింది, అవి కూడా బిల్లులో వేస్తాడేమోనని.

అక్కణ్ణించి ఆటోనగర్‌లో గంగరాజు షెడ్డుకి వెళ్ళింది. గంగరాజు ఇరవై ఏళ్ళుగా లారీ ఇంజన్లతో కాపురం చేస్తున్న మనిషి. టర్బో విప్పి, లోపలి చక్రం వేళ్ళ మధ్య పట్టుకుని చూపించాడు. రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టు ఉన్నాయి.

"బొగ్గు మసి తినేసింది సెల్లీ. మొత్తం మార్సక్కర్లేదు, లోపల ఈ సక్రమున్న కోరు మారిస్తే సాలు. ఇరవై రెండు వేలల్లో అయిపోద్ది. కాకపోతే కోయంబత్తూరు నుంచి రావాల. నాలుగు రోజులు."

ఇరవై రెండు వేలైతే రెండు వారాల ట్రిప్పుల్లో తీస్తుంది. నాలుగు రోజులే ఎక్కడా దొరకవు. అప్పుడే సైటు కాంట్రాక్టరు జయంత్ ఫోను చేశాడు. మధురవాడలో ఆఫీసు, కొండ మీద పని, మాట మాత్రం మెత్తన.

"అమ్మా, బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఈ స్లాబుకి ఆఖరి ఊసలు రావాలి. గురువారం స్లాబు. కాంక్రీటు కలిపే మిల్లరు చెప్పేశాను, నలభై మంది కూలీలు వస్తున్నారు. మీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి, ఎస్.కోటలో ఇంకో బండి ఉంది. తప్పుగా అనుకోకండి, ఒకసారి ఆ బండి ఎక్కిందంటే ఇంక ఏడాది లోడ్లన్నీ దానికే."

"నానే తెత్తాను" అంది దేవిశ్రీ. ఎలాగో ఆమెకే తెలీదు.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. టర్బో పోయిందని, తొంభై రెండు వేలన్నారని, గంగరాజు ఏమన్నాడని, జయంత్ ఏమన్నాడని, అన్నీ. ఫిల్టరు మాట మాత్రం ఎత్తలేదు. సంచిలోంచి తీసి అరుగు మీద పెట్టింది, అంతే. తవిటమ్మ దాన్ని చూసింది. కందిపప్పులో రాళ్ళేరుతూ కూర్చుంది, ఏరిన పప్పునే మళ్ళీ ఏరింది. నీ వల్లేనని ఒక్క మాట అనేస్తే కడుపులో మంట చల్లారుతుందనిపించింది దేవిశ్రీకి. అనలేకపోయింది.

మంగళవారం తెల్లారి లేచేసరికి పాలక్యాను బండి ముందు సీట్లో ఉంది. పక్కన తవిటమ్మ, మంచి చీర కట్టుకుని, కొప్పు బిగించి.

"ఏటత్తా ఇది?"

"గాలే గదే కావాలి ఆ మిషినికి. మన దగ్గర లేదేటి? ఆ గంగరాజుని పైపు తగిలించమను. మరింకేటీ అడక్కు."

గంగరాజు క్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. మూతకి కన్నం పెట్టి రేడియేటరు పైపు దూర్చాడు. దాన్ని కిటికీలోంచి బోనెట్ కిందకి తీసుకెళ్ళి, టర్బో ఉండాల్సిన చోట క్లాంపులేసి బిగించాడు. టర్బోకి వెళ్ళే ఆయిలు దారి మూసేశాడు. ఆ రోజంతా అదే పని. చేతులు తుడుచుకుంటూ అసలు సందేహం చెప్పాడు.

"ఉప్పు గాలమ్మా. దుమ్ముండదు గానీ తుప్పుంటాది. ఒక్క ట్రిప్పుకే వాడండి."

"ఒక్క ట్రిప్పే" అంది తవిటమ్మ.

బుధవారం పొద్దున్నే గాజువాకలో టన్నున్నర ఊసలు ఎక్కించారు. దేవిశ్రీ తొక్కితే తవిటమ్మ మూత లేపుతుంది, బ్రేకేస్తే నొక్కిపెడుతుంది. పెందుర్తి దాకా లయ కుదరలేదు, దాటాక కుదిరింది. కొత్తవలస, ఎస్.కోట గడిచిపోయాయి. ఘాట్ మొదలయ్యాక తవిటమ్మ క్యానుని ఒళ్ళో పెట్టుకుని గాలిని తిట్టడం మొదలెట్టింది.

"తొయ్యి. రేకులు ఎగరేసినప్పుడున్న బలం ఏటైపోనాది? తేరగా ఎండుసేపల వాసన పీలుస్తూ పదకొండేళ్ళు కూకున్నావ్. తొయ్యి."

గాలి తోసింది. బండి మొదటి మలుపు ఎక్కింది, రెండోది ఎక్కింది. కొత్త టర్బో ఉన్నప్పుడు కూడా ఇలా లాగలేదని దేవిశ్రీకి లోపల నవ్వొచ్చింది. అయిదో మలుపు అన్నిటికన్నా నిలువు. సరిగ్గా దాని నడుమ గాలి ఆగిపోయింది.

బండి గుర్రుమని ఆగి, వెనక్కి జారబోయింది. దేవిశ్రీ బ్రేకు తొక్కి, హ్యాండు బ్రేకు రెండు చేతులా లాగింది. వెనకాల అరకు బస్సు హారను కొడుతోంది. ఎడమ పక్క లోయ. టైము పదకొండు దాటింది.

"అత్తా, మూత లేపు."

"లేపే ఉంది. కదలటం లేదు." తవిటమ్మ క్యానుని అరచేత్తో చరిచింది. తిట్టింది. బతిమాలింది. లోపల చప్పుడు లేదు.

వెనక బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "బండి తియ్యమ్మా, రానప్పుడు ఎందుకొత్తారు" అని కేకేశాడు. దేవిశ్రీ కూడా తల బయటపెట్టింది. "ఎక్కినాకే తీత్తాను. తొందరుంటే దిగి తొయ్యి" అని మళ్ళీ లోపలికి తిరిగింది.

తవిటమ్మ తల వంచి, క్యాను మూత దగ్గర నోరు పెట్టి, గాలితోనే చెప్పింది.

"నీతో నాకేటి గొడవ. తప్పు నాది. ఆ కాయితం ఫిల్టరుకి సబ్బెట్టి బండ మీద ఉతికినాను. మసి పట్టిందనీసి. బాగుసేత్తన్నాననుకున్నాను. ఈ గుంట ఆ కంపినీ వోడి దగ్గర తనే కడిగినానని సెప్పుంటాది, దాని బుద్ధి నాకు తెల్దా? నన్నొక్క మాటనలేదు. అనుంటే బాగున్ను. నువ్వు నా ఇంటి రేకులు ఎగరేసినావు, నాను దీని బండి పాడుసేసినాను. నీకు పదకొండేళ్ళు శిక్షేసినాను, మరి నాకెవులు ఏత్తారు? దీన్ని పైకెక్కించీ. ఎక్కించినాక నిన్ను ఒగ్గేత్తాను. ఇదిగో, మాట."

దేవిశ్రీ అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. రెండు రోజులుగా మోస్తున్న కోపం ఎక్కడుందా అని వెతికితే దొరకలేదు.

క్యాను ఒకసారి బరువుగా నిట్టూర్చింది. పైపు బిగుసుకుంది. దేవిశ్రీ హ్యాండు బ్రేకు వదిలి, పెడల్ తొక్కింది. బండి టన్నున్నర ఇనుముతో సహా ఆ నిలువు మలుపుని ఖాళీ బండిలా ఎక్కేసింది, వెనక బస్సు ఎక్కడో కింద ఉండిపోయింది.

సైటు గేటు దగ్గర ఎస్.కోట బండి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. టైము పన్నెండుకి పది తక్కువ. జయంత్ వాచీ చూసుకున్నాడు, బోనెట్ కిందకి పోయిన పైపు చూశాడు, ముసలావిడ ఒళ్ళో క్యాను చూశాడు.

"గాలా?" అన్నాడు.

"గాలే" అంది దేవిశ్రీ.

"ఇక్కడ సంతకం పెట్టండి. మిగతా లోడ్లు కూడా మీరే వేసెయ్యండి." ఆ రెండో బండిని వెనక్కి పొమ్మని చెయ్యూపాడు.

ఊసలు దింపాక, లోయ కనపడే చోట తవిటమ్మ క్యాను దింపించి మూత పూర్తిగా తీసింది. గాలి వెంటనే బయటకి రాలేదు. అలవాటైన చోటు వదలడం దానికీ కష్టమే. ఆవిడ క్యానుని బోర్లించి అడుగున చరిచింది.

"ఎల్లు. శిక్ష అయిపోనాది" అంది. కాఫీ తోటల మీద నీడిచ్చే చెట్లన్నీ వరసగా ఒంగి లేచాయి, ఆ కదలిక అలా కిందకి, సముద్రం వైపు పోయింది. తవిటమ్మ ముక్కు చీదుకుని, చీర చెంగుతో క్యాను తుడిచింది. దిగేటప్పుడు టర్బోతో పని లేదు. సెకండు గేరులో నెమ్మదిగా దిగుతుంటే దేవిశ్రీ ఎడం చెయ్యి తీసి ఆవిడ మోకాలి మీద పెట్టింది. ఎస్.కోట వచ్చిందాకా తియ్యలేదు.

కోయంబత్తూరు నుంచి కోరు శనివారం వచ్చింది. గంగరాజు బిగించి, కొత్త ఫిల్టరు వేశాడు.

మళ్ళీ ఆదివారం. తవిటమ్మ గడప కడిగింది, ఊచలు కడిగింది, కరివేపాకు తుడిచింది. బట్టలు తాడు మీద నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి. చెంబులు పట్టుకొచ్చిన వాళ్ళు ఖాళీ చెంబులతోనే వెనక్కెళ్ళారు. ఆవిడ బకెట్టుతో బండి దగ్గరకొచ్చి, బోనెట్ ముందు ఆగిపోయింది. ఆవిడ అలా ఆగడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

"దేవీ, ఇది కడగొచ్చా?"

"నీళ్ళు తగలకూడదత్తా. లోపల్నుంచి బయటికి గాలి కొట్టాల. రేపు బంకులో కొట్టించుకుంటాను." దేవిశ్రీ ఫిల్టరు తీసి ఆవిడ చేతికిచ్చింది. వేసి ఒక్క రోజే, అప్పుడే మడతల నిండా మసి. తవిటమ్మ దాన్ని పసిగుడ్డుని పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది.

సందు చివర తాడు మీది దుప్పటి లేచింది. తరవాత ఈ చివర చీర లేచింది. గాలి వచ్చింది, ఎవరూ మూత తియ్యకుండానే. వచ్చి ఫిల్టరు లోపల దూరి, మడత మడతా విప్పి, మసినంతా బయటకి కొట్టింది. ఆ నల్లటి పొడిని ఉండ చుట్టి, సందులోంచి పైకి లేపి, వచ్చిన దారినే రేవు వైపు తీసుకుపోయింది. ఒక్క క్షణం తరవాత తిరిగొచ్చి తవిటమ్మ కొప్పు చెరిపింది.

తవిటమ్మ కొప్పు సర్దుకోలేదు. లోపలికెళ్ళి పాలక్యాను తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది, మూత లేకుండా.

"ఉంటే ఉండు, ఎల్తే ఎల్లు. నీ ఇష్టం" అంది. రెండడుగులేసి వెనక్కి తిరిగింది. "పన్నెండు రేకులు. మరిసిపోకు."

దేవిశ్రీ ఫిల్టరుని బోనెట్ కింద దాని పెట్టెలో పెట్టి క్లిప్పులు నొక్కింది. సోమవారం లోడు పొద్దున్న ఆరింటికి.