గాజు మీద కుంకుమ

నేను ఒక గాజు పలకను మాత్రమే కదా, మరి మనుషులు నన్ను చూసి ఎందుకు వణుకుతారు? నా వెనక ఏముందో దాచడం కూడా నాకు చేతకాదు. ఏదో ఫ్యాక్టరీలో వందలాది తోబుట్టువులతో పుట్టాను. ఎవరి మీదకు ఏం చేరిందో తెలియదు. నా మీదకు పైడిరాజు మెదడులోంచి తీసిన గడ్డ ముక్క చేరింది. ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులద్ది, పైన మరో సన్నటి గాజుతో మూశారు.

ఆ కణాలతో కాపురం చేసినదాన్ని కనుక చెబుతున్నాను, అవి రాక్షసులు కావు. నరాలకు తొడుగు వేసే కణాలుగా ఎదగాల్సినవి, పని నేర్చుకుంటూ మధ్యలో ఆగిపోయాయి. అయినా పోలిక పోలేదు. పెనం మీద కొట్టిపోసిన గుడ్డులా గుండ్రంగా ఉంటాయి. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగి, ఒకరోజు ఫిట్స్‌గా బయటపడ్డాయి.

అప్పుడు పైడిరాజు చేతుల్లో నెలల పాప ఉంది. పరుపు మీద పడింది కాబట్టి ఏమీ కాలేదు. కానీ అతను మళ్ళీ పాపను ఎత్తుకోలేదు. మనిషిలో భయం గడ్డకన్నా వేగంగా పెరుగుతుంది. దాన్ని కోసి నా మీద పరిచినవాళ్ళు లేరు.

గడ్డ ఏ రకమో మరో డాక్టరుకు కూడా చూపించుకోమని మొదటి ఆసుపత్రివాళ్ళు నన్ను పెట్టెలో పెట్టి ఇచ్చారు. అతని భార్య నూకరత్నం నన్ను దేవుడి గూట్లో ఉంచి, కొత్త బండికి పెట్టినట్టు తడికుంకుమ బొట్టు పెట్టింది. సరిగ్గా ముక్క మీదే.

విశాఖలో డాక్టర్ వసుంధర మైక్రోస్కోపులోంచి తలెత్తి, పైడిరాజునూ పాపను చంకనెత్తుకున్న నూకరత్నాన్నీ లోపలికి పిలిచింది.

"ఇదేంటమ్మా, అంతా ఎర్రటి చీకటి?"

"బొట్టెట్టానండి. మంచి జరగాలని."

"జరగాలంటే ముందు నాకు కనపడాలి కదా!"

"ఇంకా నయం, నా గుండు మీద కొబ్బరికాయ కొట్టీలేదు," అన్నాడు పైడిరాజు. నూకరత్నం నవ్వబోయి ఏడ్చింది. అతను జోకేసి ఎన్నాళ్ళయిందో.

డాక్టరు స్పిరిట్ దూదితో నన్ను తుడిచింది. అంచున ఒక చుక్క మాత్రం వదిలేసింది. చాలాసేపు చూసింది.

"నెమ్మదిగా పెరిగే రకమే. మీరు తెచ్చిన జన్యుపరీక్ష రిపోర్టు కూడా అదే చెబుతోంది. మళ్ళీ రాదని మాటివ్వను, స్కానింగులు మానొద్దు. కానీ ఇలాంటివాళ్ళు ఏళ్ళకేళ్ళు బతుకుతున్నారు."

"పాపనెత్తుకోవచ్చాండి?"

"మందులు మానకుండా వేసుకో. నేల మీద కూర్చుని ఎత్తుకో."

వరండాలోకి రాగానే పైడిరాజు గోడకు ఆనుకుని నేల మీద చతికిలపడ్డాడు. నా పెట్టెను పక్కన పెట్టాడు.

"ఇలాగియ్యే పిల్లని," అని రెండు చేతులూ చాచాడు.